ఏ తప్పు చేశామని దాచుకోవాలి?

“ఏవమ్మా, మొన్న దసరాలకే కదా పాపకి తిరుపతిలో గుండు చేయించారు? ఉగాది రాకుండానే మళ్ళీ మొక్కేవిటి?”

పాల ప్యాకెట్ల కోసం నిలబడ్డప్పుడు మా వీధిలో ఉండే ఒకావిడ నన్నడిగిన ప్రశ్న ఇది. “అది మా పుట్టింటి వాళ్ళ మొక్కండీ, ఇది మా అత్తగారి మొక్కు” అని నవ్వుతూ చెప్పి గబగబా ఇంటికొచ్చేశాను. వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఎందుకంటే ఆ రెండుసార్లలో ఒక్కసారి కూడా మేము తిరుపతి వెళ్ళలేదు. పాప జుట్టు దానంతటదే ఊడిపోయింది. అప్పటికి ఏడు నెలలుగా మా పాప రక్త క్యాన్సర్‌కి మందులు వాడుతోంది.

ఇది 2017 నాటి మాట. వైద్యం 2019 మొదట్లో పూర్తయింది. పాప ఇప్పుడు ఏడో తరగతి చదువుతోంది. సైకిలు మీద ట్యూషన్‌కి వెళ్తుంది, క్రికెట్ గురించి వాళ్ళ నాన్నతో పోట్లాడుతుంది, కాకరకాయ వండితే మూతి ముడుచుకుంటుంది. అందరు పిల్లల్లాగే ఉంది. మరి ఇన్నాళ్ళకి ఇదంతా ఎందుకు చెబుతున్నారంటారా? జబ్బు తగ్గింది గానీ, ఆ జబ్బు చుట్టూ మేము ఆడిన అబద్ధం చేసిన నష్టం తగ్గలేదు. అది మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలూ.

ఆ శ్రావణమాసం

మాది భీమవరం. 2016 శ్రావణమాసంలో, వరలక్ష్మీ వ్రతానికి ఇంకా నాలుగు రోజులుందనగా సంగతి బయటపడింది. పాపకి అప్పుడు మూడున్నరేళ్ళు. అంతకు ముందు మూడు వారాలుగా జ్వరం వస్తూ పోతూ ఉంది. మేడ మెట్లు నాలుగెక్కగానే “అమ్మా, ఎత్తుకో, కాళ్ళు నొప్పి” అనేది. మోకాళ్ళ కింద నీలంగా మచ్చలు కనిపిస్తే ఆడుకుంటూ ఎక్కడో తగిలించుకుందనుకున్నాను. ముఖం తెల్లగా పాలిపోతుంటే మా అత్తగారు దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తీసి పొయ్యిలో వేశారు. డాక్టరు మొదట టైఫాయిడ్ అన్నారు. ఆ మందుల కోర్సయినా జ్వరం తగ్గకపోయేసరికి పొట్ట నొక్కి చూసి, మెడ దగ్గర తడిమి చూసి రక్తపరీక్ష రాశారు.

లక్షన్నరకు పైగా ఉండాల్సిన ప్లేట్‌లెట్లు పదకొండు వేలున్నాయి. హిమోగ్లోబిన్ అయిదు. డాక్టరుగారు మావారిని ఒక్కరినే లోపలికి పిలిచి, “ఇవాళ రాత్రి రైలుకే హైదరాబాదు తీసుకెళ్ళండి” అన్నారట. నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో పాపని ఒళ్ళో పడుకోబెట్టుకుని వెళ్ళాం. అప్పటికి కూడా మావారు నాతో ఆ మాట అనలేదు. “రక్తంలో ఏదో తేడా ఉందట” అన్నారంతే. మూడో రోజు ఎముక మూలుగ పరీక్ష అయ్యాక పెద్ద డాక్టరే చెప్పారు. పిల్లల్లో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదేననీ, రెండేళ్ళ నుంచి అయిదేళ్ళ మధ్య పిల్లల్లో ఎక్కువగా వస్తుందనీ, రెండున్నరేళ్ళు ఓపిగ్గా మందులు వాడితే తగ్గే అవకాశం బాగా ఉందనీ. నాకు మొదటి మాట తప్ప తర్వాతవేవీ చెవికెక్కలేదు.

ఆ సాయంత్రమే ఫోన్లో మా అత్తగారూ, ఆడపడుచూ ఒకటే మాట. “ఆడపిల్లమ్మా. రేపు పెళ్ళి చెయ్యాలి. ఈ మాట ఒక్కసారి బయటికి పొక్కిందంటే జన్మంతా వెంటపడుతుంది. రక్తం తక్కువైందని చెబుదాం.”

మా అత్తగారు చెడ్డమనిషి కారు. మనవరాలి వైద్యానికి తన నాలుగు పేటల గొలుసు మెడలోంచి తీసి మావారి చేతిలో పెట్టిన మనిషి. మావుళ్ళమ్మకి మొక్కుకుని నలభై రోజులు ఒంటిపూట భోజనం చేసిన మనిషి. ఆవిడ భయమంతా పిల్ల మీద ప్రేమే. నేనూ సరేనన్నాను. డిగ్రీ చదివాను, కథలు రాస్తాను, ఆడవాళ్ళు ధైర్యంగా నోరు విప్పాలని ఆ కథల్లో చెబుతాను. నా దాకా వచ్చేసరికి నోరు మూసుకున్నాను.

భీమవరం నుంచే వెళ్ళిన మందు

రెండున్నరేళ్ళ వైద్యం గురించి అంతా రాస్తే ఈ పేజీ చాలదు. మొదటి నెల ఆసుపత్రిలోనే. సెలైన్లు, వారానికో ఇంజక్షను, నడుము దగ్గర వెన్నులోకి ఇచ్చే సూది. స్టీరాయిడ్ మాత్రల రోజుల్లో పాప అర్ధరాత్రి రెండింటికి లేచి “పప్పన్నం పెట్టమ్మా” అని ఏడ్చేది. ముఖం గుమ్మడిపండులా ఉబ్బింది. తర్వాత కొన్ని నెలలు గట్టి మందులు, ఆ తర్వాత ఇంటి దగ్గరే రోజూ ఒక మాత్ర, వారానికోసారి ఇంకో మాత్ర. కాచి చల్లార్చిన నీళ్ళు, వేడివేడిగా వండిన అన్నం, ముఖానికి మాస్కు. కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, రాత్రనక పగలనక పరుగు.

ఆ వారం మాత్ర పేరు మెథోట్రెక్సేట్. దాని కథ నాకు తర్వాత తెలిసి ఒళ్ళు ఝల్లుమంది. 1895లో మా భీమవరంలోనే పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా వెళ్ళి, లెడర్లీ అనే మందుల కంపెనీలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. మనం కడుపుతో ఉన్నప్పుడు మింగే ఫోలిక్ యాసిడ్ ఉంది చూశారూ, దానిని ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే. రక్త క్యాన్సర్ కణాలు పెరగాలన్నా ఆ ఫోలిక్ యాసిడే కావాలి. అందుకని అచ్చం దానిలాగే కనిపించే నకిలీ సరుకును ఇచ్చి ఆ కణాలను మోసం చేసే మందు ఆయన బృందం తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దాన్ని పిల్లలకిచ్చి చూశారు. 1948లో ఆయన ప్రకటించిన వివరాల ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. ఆ గుణం కొన్నాళ్ళే నిలిచింది. కానీ అంతకు ముందు ఆ కొన్నాళ్ళు కూడా లేవు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ మొదటి మందుకి తోబుట్టువే మా పాప మింగిన మాత్ర. చిన్నప్పుడు జనరల్ నాలెడ్జి పుస్తకంలో బట్టీపట్టి మర్చిపోయిన పేరు, మా ఇంటి దీపాన్ని నిలబెట్టింది.

వారానికోసారి ఇచ్చిన విన్‌క్రిస్టిన్ ఇంజక్షను మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీసిందే. ఆకులు నూరి తాగిస్తే పనిచేస్తుందనుకునేరు, అది విషం సుమా! మందుగా మారడానికి ఎంతో శుద్ధి, ఎంతో లెక్క ఉంటుంది.

ఇంత చరిత్ర ఉన్న వైద్యం పొందుతూ, ఏదో దొంగతనం చేసినట్టు మేం దాక్కున్నాం.

అబద్ధం ఖరీదు

మొదటి నష్టం డబ్బుది. క్యాన్సర్ రోగులకు రైలు టిక్కెట్లలో పెద్ద రాయితీ ఉంటుందని మాకు నాలుగు నెలల దాకా తెలియదు. ఆసుపత్రి వార్డులో కర్నూలు నుంచి వచ్చిన ఒక తల్లి చెబితే తెలిసింది. మా ఇంటికి నాలుగిళ్ళ అవతల రైల్వేలో పనిచేసే ఆయన ఉన్నారు. ఒక్క మాట చెప్పి ఉంటే మొదటి వారంలోనే ఫారం తెచ్చి చేతిలో పెట్టేవారు.

రెండోది పాప ప్రాణం మీదికే వచ్చింది. 2018లో ఇంటి దగ్గర మాత్రలు నడుస్తుండగా డాక్టర్లు బడికి పంపొచ్చన్నారు. “బడిలో టీచరుకి సంగతి చెప్పండి. ఏ పిల్లకైనా ఆటలమ్మ పోస్తే వెంటనే మీకు కబురు చెయ్యమనండి” అని మరీ మరీ చెప్పారు. మామూలు పిల్లలకి వారం రోజుల్లో తగ్గిపోయే ఆటలమ్మ, ఈ మందులు వాడే పిల్లలకి ప్రమాదం. నేను టీచరుతో చెప్పలేదు. “కాస్త బలహీనంగా ఉంటుందండీ, ఎండలో ఆడించకండి” అన్నాను. పాప పక్కన కూర్చునే పిల్లకే ఆటలమ్మ పోసింది. నాకు తెలిసేసరికి మూడు రోజులైంది. మళ్ళీ హైదరాబాదు పరుగు, పది రోజులు ఆసుపత్రిలో. దేవుడి దయవల్ల గండం గడిచింది. తర్వాత నేను ఏడుస్తూ నిజం చెబితే ఆ టీచరు, ఆవిడ పెళ్ళి కూడా కాని చిన్నపిల్ల, “ముందే చెబితే నేను రోజూ చూసుకునేదాన్ని కదండీ” అంది. ఆ ఏడాదంతా తరగతిలో ఎవరు తుమ్మినా నాకు ఫోన్ చేసింది. ఏ మనిషి నుంచి దాచానో ఆ మనిషే నా పిల్లకి కాపలా అయింది.

మూడోది చెప్పడానికి నా చెయ్యి రావడం లేదు.

అదే ఏడాది మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడ, బట్టలకొచ్చినప్పుడు “మనవడికి జొరం తగ్గట్లేదండి అమ్మగారూ, కాళ్ళు పీకేత్తన్నాయంటన్నాడండి” అంది. పిల్లాడికి అయిదేళ్ళు. బండి కింద ఆడుకుంటుండగా నేనే చూశాను, కాళ్ళ మీద నీలం మచ్చలు. నా గుండె దడదడలాడింది. వెంటనే రక్తపరీక్ష చేయించమని చెప్పాలి. చెబితే “మీకెలా తెలుసమ్మా?” అని అడుగుతుంది. ఏం చెప్పను? “మంచి డాక్టరుకు చూపించు” అని రెండు వందలు చేతిలో పెట్టాను. వాళ్ళు కామెర్లనుకుని పసరుమందు పోయించారు. ఆర్.ఎం.పి. డాక్టరు చేత సూదులు వేయించారు. మూడు నెలలు గడిచాయి. చివరికి పెద్దాసుపత్రికి చేరాక అదే జబ్బని తేలింది. ఎనిమిదో రోజున పిల్లాడు పోయాడు.

నేను చెప్పి ఉంటే బతికేవాడని అనను. ఆ లెక్క డాక్టర్లకే తెలియదు. కానీ ఆ మూడు నెలలు వాడికి మిగిలేవి. మా ఇంటి పరువుకని నేను దాచుకున్న మాట, ఇంకో ఇంటికి మందులా అందాల్సిన మాట.

ఎవరూ అడగని చోట

ఆసుపత్రి వార్డులో మాత్రం నేనేదీ దాచలేదు. అక్కడ అందరం తల్లులమే. ఎవరి బిడ్డకి ఎన్ని ప్లేట్‌లెట్లు, ఎవరికి వాంతులు తగ్గాయి, ఎవరి పెరుగన్నం ఎవరికి పంచాలి, ఇవే మా కబుర్లు. అక్కడే ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఒకామె పరిచయమైంది. ఆమెకి ఆరేళ్ళ కూతురు. మందులకు బాగా లొంగింది. అయినా మూడో నెల నుంచి రావడం మానేశారు. వెళ్ళిపోయే ముందు ఆమె నాతో అన్న మాట ఇది: “ఇద్దరు మగపిల్లలున్నరు, దీనికోసం చెల్క అమ్మితే వాళ్ళకేం మిగులుతదని మా ఆయన అంటుండు. ఊర్ల ఎవ్వరికీ చెప్పలె. మానేసినా ఎవ్వరూ అడగరు.”

ఎవరూ అడగరు! ఆడపిల్ల పెళ్ళి కోసమని మొదలుపెట్టిన దాపరికం ఎక్కడికి పోతుందో చూశారా? దాచిన జబ్బుకి వైద్యం ఆపేసినా అడిగేవారుండరు. మన దేశంలో క్యాన్సర్ ఆసుపత్రుల రిజిస్టర్లలో మగపిల్లల పేర్లు ఆడపిల్లల పేర్లకంటే చాలా ఎక్కువ. మగపిల్లలకి ఈ జబ్బు కాస్త ఎక్కువ రావడం నిజమే గానీ, అంత తేడా దానివల్లే రాదని డాక్టర్లే రాస్తున్నారు. మరి రిజిస్టరు దాకా రాని ఆ ఆడపిల్లలంతా ఏమైనట్టు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా దాదాపు 4 లక్షల మంది పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి క్యాన్సర్ వస్తోంది. సంపన్న దేశాల్లో వారిలో 80 శాతానికి పైగా బతుకుతున్నారు. పేద, మధ్యస్థాయి దేశాల్లో చాలాచోట్ల 30 శాతం కూడా దక్కడం లేదు. జబ్బును ఆలస్యంగా గుర్తించడం, మరో జబ్బుగా పొరబడటం, వైద్యం మధ్యలో మానేయడం కూడా దీనికి కారణాలని ఆ సంస్థే చెబుతోంది. మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకాల వల్ల పేదలకు మందుల ఖర్చు కొంత తేలికైంది. అయినా రెండున్నరేళ్ళ రాకపోకలు, గది అద్దెలు, పోయిన కూలి డబ్బులు ఎవరిస్తారు? చుట్టాలూ ఇరుగుపొరుగులే ఇవ్వాలి. వాళ్ళు ఇవ్వాలంటే ముందు వాళ్ళకి తెలియాలి కదా!

“నేనేం తప్పు చేశాను?”

ఇంతకీ మేం అందరికంటే గట్టిగా దాచింది మా పాప నుంచే. ఏడాదికోసారి హైదరాబాదు తీసుకెళ్ళి గుండెకి స్కానింగ్ చేయిస్తాం. చిన్నప్పుడు ఇచ్చిన ఒక ఎర్రమందు వల్ల పెద్దయ్యాక గుండె మీద ప్రభావం ఉండొచ్చు గనుక చూసుకుంటూ ఉండాలన్నారు. “చిన్నప్పుడు నీకు రక్తం తక్కువ, అందుకే” అని చెబుతూ వచ్చాం. 2024లో ఏదో స్కాలర్‌షిప్ పరీక్షకి ఆధార్ కార్డు కోసం బీరువా వెతుకుతూ పాప ఆ ఆకుపచ్చ ఫైలు చూసింది. అంతా చదివింది. ఏమీ అనకుండా భోజనాలకి కంచాలు పెట్టింది. రాత్రి అందరం కూర్చున్నప్పుడు అడిగింది.

“నాకు క్యాన్సర్ వచ్చి తగ్గింది కదా. తగ్గితే అందరికీ చెప్పుకుంటారు కదా. మీరెందుకు దాచారు? నేనేం తప్పు చేశాను నానమ్మా?”

మా అత్తగారు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశారు. జవాబు లేదు. మా ఎవరి దగ్గరా లేదు.

పరీక్షలో ఫస్టొస్తే స్వీట్లు పంచుతాం. చావుని ఎదిరించి గెలిచిన పిల్ల చేత తల దించుకోమంటాం. ఇదేం న్యాయమండీ? పోనీ పెళ్ళి సంగతే చూద్దాం. ఇది అంటుకునే జబ్బు కాదు. మామూలుగా తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చేదీ కాదు. చిన్నప్పుడు ఈ రక్త క్యాన్సర్ తగ్గినవాళ్ళలో చాలామంది పెద్దయి, పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని కని సుఖంగా ఉన్నారు. రేపు ఆమె ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా చిన్నప్పుడు ఏ మందులు వాడిందో చెప్పాలి. కడుపుతో ఉన్నప్పుడు మరీనూ. తనకే తెలియకపోతే ఏం చెబుతుంది? నిజం తెలిసి వెనక్కి పోయే సంబంధం, పెళ్ళయ్యాక తెలిస్తే ఏం చేసేదో ఊహించుకోండి. అలాంటిది ముందే పోవడం మంచిది కాదూ?

కాబట్టి నా తోటి తల్లులకి నేను చెప్పేది ఇదే. పిల్లలకి రెండు వారాలు దాటినా జ్వరం వదలకపోతే, ముఖం పాలిపోతే, దెబ్బ తగలకుండానే నీలం మచ్చలు కనిపిస్తే, కాళ్ళు నొప్పులని నడవనని మారాం చేస్తే, మెడలో బిళ్ళలు కట్టి తగ్గకపోతే, దిష్టి తియ్యండి, కాదనను, కానీ అదే రోజు రక్తపరీక్ష కూడా చేయించండి. చాలాసార్లు ఏమీ ఉండదు. ఉంటే మాత్రం ఆ మాటని పూర్తి పేరుతో పలకండి. బడికి చెప్పండి. చుట్టాలకి చెప్పండి. పిల్లకి తన వయసుకు అర్థమయ్యేలా చెప్పండి. పక్కింటి వాళ్ళ పిల్లకి ఇలాంటిది వస్తే “ఎవరి పాపమో” అనకండి, ఓ పూట అన్నం క్యారేజీ పంపండి.

ఇది పేపరుకి పంపే ముందు ఇస్త్రీ బండి దగ్గరికెళ్ళి ఆవిడకి అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. చేతిలో ఉన్న చీర మడతపెట్టి, “పాపగారు బాగున్నారా అండి?” అంది. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

మొన్న ఒక పేరంటంలో ఒకావిడ తన మనవరాలికి జ్వరం తగ్గడం లేదని చెబుతుంటే, మా అత్తగారు తాంబూలం పక్కన పెట్టి అందరూ వినేలా అన్నారు: “మా మనవరాలికి ఇలాగే మొదలైంది. క్యాన్సర్ అన్నారు. మందులు వాడితే తగ్గిపోయింది. రేపే రక్తం పరీక్ష చేయించమ్మా.” ఆ గదిలో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ అమ్మాయి తల్లి వచ్చి మా పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టింది.

ఈ వ్యాసం రాస్తానంటే మా పాప ఒప్పుకుంది. “కానీ నా పేరు రాయకమ్మా” అంది. ఇంకా భయమేనా అని నేను దిగులుపడేలోగానే తనే అంది: “నా పేరు నేనే చెప్పుకుంటాలే.”